పక్కింటి దీపం మన మంచం మీద పడితే

రెంటచింతల పేరు వినగానే మీకేమి గుర్తుకు వస్తుంది? ఎండలు! వేసవిలో పత్రిక తెరిచి ‘నిన్నటి ఉష్ణోగ్రతలు’ చూస్తే పల్నాటిలోని ఈ చిన్న వూరి పేరు తరచు కనిపిస్తుంది. ఆ మాటకు వస్తే మాచర్ల, గురజాల, పిడుగురాళ్ళ అన్నీ నాపరాళ్ళ సీమే. పగలంతా ఆ రాయి వేడిని తాగుతుంది, రాత్రి పది దాటినా దాన్ని కక్కుతూనే వుంటుంది. ఇంట్లో పడుకోలేము. కనుక మంచాలు వాకిట్లోకో, మేడ మీదికో వస్తాయి.

ఇప్పుడొక వాకిలిని వూహించుకుందాము. తొమ్మిదో తరగతి చదివే కుర్రవాడు మంచం వేసుకుని వెల్లకిలా పడుకున్నాడు. ప్రహరీ గోడకు అవతల వరసకు బాబాయి అయ్యే ఒకాయన ఇల్లు. ఆయన కొత్తగా 50 వాట్ల ఎల్.ఇ.డి. ఫ్లడ్ లైటు బిగించాడు. అది తిన్నగా కుర్రవాడి మొహం మీదనే కొడుతున్నది.

“బాబాయ్, ఆ లైటు కాస్త ఆపుతావా? నిద్ర పట్టటం లేదు.”

“అదేందిరా అబ్బాయ్! లైటు నా ఇంట్లో వుంది, కరెంటు బిల్లు నేను కడుతున్నా. నీకేం అడ్డమొచ్చింది? మొన్నే మోటారు ఎత్తుకుపోయారు. రాళ్ళ సందున తేళ్ళొకటి. లైటు తీసేస్తే ఎట్టా?”

ఈ ఇద్దరిలో తప్పెవరిది? తొందరపడకండి. బాబాయి భయాలు ఉత్తవి కావు. కుర్రవాడి నిద్రా ఉత్తది కాదు. చిక్కంతా ఎక్కడున్నదంటే, దీపం గోడకు ఇవతలనే ఆగుతుంది గాని కాంతి ఆగదు. చెట్టు కొమ్మ గోడ దాటితే కనిపిస్తుంది, నరుకుతారు. మురుగునీరు దాటితే కనిపిస్తుంది, గట్టు వేస్తారు. పాట దాటితే వినిపిస్తుంది. కాంతి దాటితే మాత్రం, ‘వెలుగేగా, మంచిదేగా’ అని వదిలేస్తాము.

సరే, తగవు తీర్చే ముందు కొలత వేద్దాము. కొలవకుండా చేసే పంచాయితీ తూకం లేని బేరం వంటిది.

ఒక తలం మీద పడే కాంతిని కొలిచే ప్రమాణం పేరు లక్స్. మామూలు కొవ్వొత్తి ఒకటి వెలిగించి మీటరు దూరంలో కాగితం పట్టుకోండి. ఆ కాగితం మీద పడేది సుమారు ఒక లక్స్. నడి మధ్యాహ్నపు ఎండ లక్ష లక్స్ వరకు వుంటుంది. నిండు పున్నమి వెన్నెల ఎంతనుకున్నారు? సుమారు పావు లక్స్! వెన్నెల్లో దారి కనిపిస్తుంది, మనుషుల ఆకారాలు తెలుస్తాయి. మన కన్ను లక్ష లక్స్ ఎండలోనూ, పావు లక్స్ వెన్నెలలోనూ పనిచేస్తుంది. అందుచేతనే కన్నును నమ్మి కాంతిని అంచనా వేస్తే మోసపోతాము.

బాబాయి లైటు సంగతి చూద్దాము. 50 వాట్ల ఎల్.ఇ.డి. దీపం సుమారు 5,000 ల్యూమెన్ల కాంతిని వెదజల్లుతుంది. ఇటువంటి విశాలంగా చిమ్మే దీపానికి ఎదురుగా కాంతి తీవ్రత ఎంతో తెలియాలంటే ఈ సంఖ్యను 3.14తో భాగించాలి. సుమారు 1,590 కాండెలాలు వస్తుంది. అంటే పదహారువందల కొవ్వొత్తులు ఒకేచోట పెట్టినట్లన్నమాట. దీపం నుంచి మంచం 8 మీటర్ల దూరంలో వున్నదనుకోండి. దూరం పెరిగితే కాంతి ఆ దూరపు వర్గాన్ని బట్టి తగ్గుతుందని మీరు చదువుకున్నారు. 1,590ని 64తో భాగించండి. సుమారు 25 లక్స్.

పున్నమి వెన్నెలకు వంద రెట్లు! కుర్రవాడి మంచం మీద వంద చంద్రులు ఒక్కసారే వెలుగుతున్నారు.

లక్స్ మీటరు మన దగ్గర లేదే అంటారా? నూనె చుక్క చాలు. తెల్ల కాగితం మీద ఒక చుక్క వేరుశనగ నూనె వేసి ఆరనివ్వండి. మరక పడ్డచోట కాగితం కాంతిని ఎక్కువగా తనగుండా పోనిస్తుంది, తక్కువగా తిప్పికొడుతుంది. కాబట్టి వెనకవైపు వెలుగు ఎక్కువైతే మరక తెల్లగా మెరుస్తుంది, మనవైపు వెలుగు ఎక్కువైతే నల్లగా కనిపిస్తుంది. రెండువైపులా సమానమైతే దాదాపు మాయమవుతుంది. బున్సెన్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడి పేరు మీద ఇది ప్రసిద్ధి. మీ ప్రయోగశాలలోని బున్సెన్ బర్నరు ఆయన పేరున్నదే.

రాత్రి మంచం దగ్గర కూర్చుని కాగితం ఒక ముఖాన్ని పక్కింటి దీపం వైపు తిప్పి నిలువుగా పట్టుకోండి. రెండో ముఖం వైపు కొవ్వొత్తిని గాలి తగలకుండా పెట్టి, మెల్లగా ముందుకూ వెనక్కూ జరపండి. మరక మాయమైన చోట ఆగి, కాగితానికీ కొవ్వొత్తికీ మధ్య దూరం మీటర్లలో కొలవండి. ఒకటిని ఆ దూరపు వర్గంతో భాగిస్తే లక్స్ వస్తుంది. 1 మీటరు దగ్గర మరక పోతే 1 లక్స్. అర మీటరయితే 4 లక్స్. మన కుర్రవాడికి 20 సెంటీమీటర్ల దగ్గర పోవాలి. 0.2 వర్గం 0.04, ఒకటిని దానితో భాగిస్తే 25. లెక్క సరిపోయింది చూశారా? ఎల్.ఇ.డి. కాంతి నీలిగా, కొవ్వొత్తి కాంతి పసుపుగా వుంటాయి గనుక మరక పూర్తిగా మాయం కాదు. బాగా పలచబడ్డ చోటు పట్టుకోండి. కొద్ది తేడా వచ్చినా ఫరవాలేదు. మనకు కావలసింది ఒకటా, పాతికా అన్న సంగతి.

ఇంతకూ ఈ 25 లక్స్ వల్ల వచ్చే నష్టమేమిటి? కళ్ళు మూసుకుంటే సరిపోదా? మూసిన రెప్పలు కాంతిని పూర్తిగా ఆపలేవు. అసలు నిద్రకు ముందే పని చెడుతుంది. పొద్దుగూకిన తరువాత మన మెదడులోని పీనియల్ గ్రంథి మెలటోనిన్ అనే హార్మోనును విడుదల చేస్తుంది. ‘రాత్రి అయింది’ అని ఒంటికంతటికీ చాటింపు వేసే తలారి వంటిది ఇది. కంట్లో వెలుగు పడితే తలారి నోరు మూతపడుతుంది. కంటి తెరలో చూపుకు పనికివచ్చే కణాలు కాక, కేవలం పగలా రాత్రా అని కనిపెట్టేందుకు వేరే కణాలున్నాయని 2002లో తేలింది. అవి నీలి కాంతికి ఎక్కువగా స్పందిస్తాయి. తెల్లని ఎల్.ఇ.డి.లో నీలి పాలు ఎక్కువ గదా!

2019లో ఆస్ట్రేలియాలో కొందరిని సాయంకాలపు వెలుతురులో కూర్చోబెట్టి ఈ హార్మోనును కొలిచారు. సగటున 25 లక్స్ దగ్గరే అది సగానికి పడిపోయింది. అయితే మనిషికీ మనిషికీ చాలా తేడా వున్నది. ఒకరికి 6 లక్స్‌తోనే సగమైతే మరొకరికి 350 లక్స్ కావలసి వచ్చింది. ఇది గుర్తు పెట్టుకోండి, తగవులో పనికివస్తుంది. “నాకు నిద్ర పట్టటంలా? నీకేం వచ్చింది?” అని బాబాయి అంటే ఆయన అబద్ధం చెప్పటం లేదు. ఆయన కన్ను వేరు, మీ కన్ను వేరు.

మనుషులే కాదు, పైరుకూ రాత్రి కావాలి. 1920లో అమెరికాలో గార్నర్, అల్లార్డ్ అనే ఇద్దరు ఒక పొగాకు రకం ఎందుకు సకాలంలో పూయటం లేదని వెతికి, పగటి పొడవు తగ్గితేనే అది పూస్తుందని కనిపెట్టారు. ఇటువంటి వాటిని హ్రస్వ దీప్తికాల మొక్కలంటారు. తరువాత 1938లో మరో ఇద్దరు మరులమాతంగి కలుపుమొక్క మీద పరీక్షలు చేశారు. మన గట్ల మీద పెరిగి పంచెలకు ముళ్ళకాయలు అంటించే మొక్కే. పొడవైన రాత్రి నడుమ కాసేపు దీపం వెలిగిస్తే చాలు, అది పూత మానేసింది. అంటే మొక్క కొలిచేది పగటిని కాదు, తెగకుండా సాగే చీకటిని! చామంతి సాగుచేసేవారు ఈ కిటుకుతోనే రాత్రిపూట బల్బులు వేసి పూతను వెనక్కు నెడతారు. పల్నాటిలో విరివిగా వేసే కంది కూడా ఈ జాతిదే. చేను పక్కన రాత్రంతా వెలిగే దీపం వుంటే, దాని కింది సాళ్ళూ దూరపు సాళ్ళూ ఒకే రోజున పూతకు వచ్చాయేమో ఈసారి గమనించి రాసుకోండి.

పురుగుల సంగతి మీకు తెలిసిందే. అనంతపురం వేరుశనగ చేలలో ఎర్ర గొంగళి తల్లి పురుగులను పట్టడానికి దీపపు ఎరలు పెడతారు. మన బాబాయి పెట్టినది కూడా ఒక దీపపు ఎరే, చంపే పళ్ళెం లేదు అంతే. పురుగుల కోసం కప్పలు, బల్లులు వస్తాయి. కప్పల కోసం ఏది వస్తుందో చెప్పనక్కరలేదు. పాము భయంతో పెట్టిన దీపమే పాముకు అన్నం వడ్డిస్తుందేమో!

దొంగ భయం మాటకు వద్దాము. ఫ్లడ్ లైటు మీ కళ్ళకు ఎదురుగా కొడుతుంటే దాని వెనక నిలుచున్న మనిషి మీకు కనిపిస్తాడా? కనిపించడు. కంటిపాప చిన్నదవుతుంది. నీడలు మరింత నల్లబడతాయి. వెలుతురులోంచి చీకట్లోకి వచ్చిన కంటికి పూర్తిగా చూపు అలవడటానికి అరగంట దాకా పడుతుంది. కాపలాకు కావలసింది నేల మీద పడే వెలుగు. కళ్ళల్లో పడేది దొంగకే మేలు చేస్తుంది.

అయితే దీపాన్ని నేలవైపు వంచితే సరి గదా? అక్కడే ఒక చిక్కు వున్నది. మన దీపం 4 మీటర్ల ఎత్తున వున్నది, మంచం అర మీటరు ఎత్తు. దీపాన్ని పూర్తిగా కిందికి తిప్పినా మంచం వైపు పోయే కిరణం నిట్టనిలువు గీతతో 64 డిగ్రీల కోణం చేస్తుంది. ఈ రకం దీపంలో పక్కకు పోయే కాంతి ఆ కోణపు కొసైన్‌ను బట్టి తగ్గుతుంది. పదో తరగతి వాళ్ళు పట్టిక చూడండి: కొసైన్ 64 డిగ్రీలు 0.44. అంటే 25 లక్స్ కాస్తా 11 అవుతుంది. సగానికి పైగా తగ్గింది గాని ఇంకా నలభై నాలుగు చంద్రులు మిగిలారు.

మరి దీపాన్ని కిందికి దించితే? ప్రహరీ గోడ దీపానికి 5 మీటర్ల దూరంలో, మీటరున్నర ఎత్తు వున్నదనుకోండి. మంచం 7.2 మీటర్ల దూరంలో వున్నది. సరూప త్రిభుజాలు గీయండి. 4 మీటర్ల ఎత్తునున్న దీపం నుంచి గోడ అంచును రాసుకుంటూ వచ్చే కిరణం మంచం ఎత్తుకు దిగేసరికి 7 మీటర్లు పోతుంది. అంటే గోడ నీడ అక్కడితో సరి. మంచం ఒక జానెడు తేడాతో వెలుగులో పడింది! అదే దీపాన్ని రెండున్నర మీటర్లకు దించండి. ఇప్పుడా కిరణం మీటరుకు 20 సెంటీమీటర్ల చొప్పున మాత్రమే వాలుతుంది, మంచం ఎత్తుకు దిగేసరికి 10 మీటర్లు దాటుతుంది. మంచం చక్కగా గోడ నీడలోకి వచ్చేసింది. బాబాయి వాకిట్లో వెలుగు తగ్గలేదు సరికదా, దీపం నేలకు దగ్గరయింది గనుక దాని కింద ఇంకా పెరిగింది. రూపాయి ఖర్చు లేదు.

గోడ లేనిచోట దీపానికి రేకు టోపీ పెట్టాలి. ముందువైపు జానెడు ముందుకు వచ్చేట్లు రేకును వంచి, లోపల నల్లరంగు పూస్తే చాలు. వెనక వున్న లోహపు పక్కలను మాత్రం మూయకూడదు. దీపం వేడి పోయేది వాటిగుండానే. ఈ పని తెలిసినవారి చేత, మెయిన్ స్విచ్ ఆపించి చేయించండి. మీరు స్తంభాలు, నిచ్చెనలు ఎక్కవద్దు. టోపీ సరిగా పడిందో లేదో చూడటానికి ఏ మీటరూ అక్కరలేదు. మంచం మీద తల పెట్టి చూడండి. దీపపు గాజు కంటికి కనిపించకపోతే నేరుగా వచ్చే కాంతి ఆగినట్లే.

ఇంకొక దొంగదారి వున్నది. పిడుగురాళ్ళ సున్నానికి పేరు గదా! కొత్తగా సున్నం కొట్టిన గోడ తన మీద పడిన కాంతిలో చాలా భాగాన్ని అన్ని దిక్కులకూ తిప్పి వెదజల్లుతుంది. దీపాన్ని తన గోడ వైపు తిప్పి “ఇక నీ జోలి లేదు” అన్నా, ఆ గోడే ఒక పెద్ద దీపమై పక్కింటికి వెలుగు పంపుతుంది.

చట్టం ఏమంటుంది? విచిత్రమేమిటంటే, పొరుగువాడి కట్టడం వల్ల వెలుతురు రాకపోతే మన చట్టం ఏనాడో పట్టించుకుంది. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ప్రకారం ఇరవయ్యేళ్ళు అడ్డులేకుండా కిటికీలోంచి వెలుతురు పొందినవాడికి అది హక్కు అవుతుంది. చీకటికి అటువంటి హక్కు ఎవరూ రాయలేదు. 1882లో రాత్రిపూట పొరుగువాడి దీపం ఆముదపు దీపమే గదా! శబ్దానికి 2000 సంవత్సరంలో నియమాలు వచ్చాయి: నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 45 డెసిబెల్స్ మించకూడదు. కాంతికి మనదేశంలో ఇటువంటి అంకె ఏదీ లేదు. అంతమాత్రాన దారి లేదని కాదు. నివాసపు సుఖానికి గట్టి భంగం కలిగిస్తే అది న్యూసెన్సు కిందికి వస్తుందని సివిలు కోర్టుకు పోవచ్చు. ఒక్కరికి కాక నలుగురికీ బాధ అయితే అది పబ్లిక్ న్యూసెన్సు. 2024 జూలై 1 నుంచి అమలులో వున్న భారతీయ న్యాయ సంహిత దీనిని 270వ సెక్షనులో నిర్వచించింది. వీధి దీపమైతే తగవు పొరుగువాడితో కాదు, పంచాయతీతోనో పురపాలక సంఘంతోనో. ఒక టోపీ బిగించమని అర్జీ పెట్టుకోవచ్చు.

ఇతర దేశాలు అంకెలు వేసుకున్నాయి. 1913లో ఏర్పడిన అంతర్జాతీయ కాంతి సంఘం పొరుగువారి కిటికీ మీద ఎంత వెలుగు పడవచ్చునో ఒక పట్టిక ఇచ్చింది. పల్లె ప్రాంతాల్లో రాత్రి తొలి భాగాన 5 లక్స్, పొద్దుపోయిన తరువాత 1 లక్స్. నగరపు నడిబొడ్డున 25, తరువాత 5. మన కుర్రవాడి మంచం మీద నడిరాత్రి పడుతున్నది నగరపు బజారులో సాయంకాలానికి ఒప్పుకున్నంత వెలుగన్నమాట! ఇంగ్లండులో 2005లో చేసిన చట్టం ఇళ్ళనుంచి, దుకాణాలనుంచి వచ్చే దీపకాంతిని కూడా న్యూసెన్సుల జాబితాలో చేర్చింది. రైల్వే స్టేషన్లు, విమానాశ్రయాలు, జైళ్ళు, లైట్‌హౌస్‌లను మాత్రం మినహాయించారు. లైట్‌హౌస్‌కు టోపీ పెడితే ఓడ గతేమిటి?

ఈ తగవును అందరికంటే ముందు పెట్టింది ఖగోళ శాస్త్రజ్ఞులు. ప్లూటోను కనిపెట్టిన వేధశాల వున్న అమెరికాలోని ఫ్లాగ్‌స్టాఫ్ పట్టణం 1958లోనే ప్రకటనల కోసం ఆకాశంలోకి దీపాలు కొట్టటాన్ని నిషేధించింది. మన హైదరాబాదుకూ ఇదే కథ జరిగింది. 1901లో నవాబ్ జఫర్ జంగ్ మొదలుపెట్టిన నిజామియా వేధశాల తరువాత బేగంపేటకు వచ్చింది. నగరం పెరిగి దాని చుట్టూ చేరింది. దానితో ఉస్మానియా విశ్వవిద్యాలయం వారు నాగార్జునసాగర్ రోడ్డు వైపు, జపాల్, రంగాపూర్ గ్రామాల దగ్గర చీకటి వెతుక్కుని 1968లో 48 అంగుళాల టెలిస్కోపు నిలబెట్టారు. 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కడినుంచి పరిశీలించారు. నగరపు వెలుగు క్రమంగా అక్కడికీ పాకింది. టెలిస్కోపు మంచంలాగా ఇంకో వాకిట్లోకి లాక్కోవడానికి వీలుకాదు.

ఇదంతా చదివి వెలుగు మీద పగపట్టకండి. మహాశివరాత్రికి కోటప్పకొండకు కట్టే ప్రభలు చూశారా? చెట్లకంటె ఎత్తుగా, నిలువెల్లా విద్యుద్దీపాలతో! వాటికి టోపీలు పెట్టమని ఎవరంటారు? అది ఒక్క రాత్రి, అందరూ మేలుకుని వుండే రాత్రి. తగవంతా రోజూ, పడుకునే వేళకు, అడగకుండా వచ్చే వెలుగుతోనే.

బాబాయి దగ్గరకు పోయేటప్పుడు “లైటు తీసెయ్” అనకండి. నూనె మరక కాగితం, కొవ్వొత్తి పట్టుకుని పొండి. మంచం దగ్గరకు పిలిచి ఆయన చేతనే కొలిపించండి. మోటారు పోయిన మనిషికి వెలుగు వద్దని చెప్పటం కష్టం గాని, వెలుగును మోటారు మీదికి తిప్పమని చెప్పటం తేలిక.

దీపం దించాక ఆ రాత్రే ఇంకొక పరీక్ష చేయవచ్చు. మే నెల రాత్రి తొలి జామున ఉత్తరాన సప్తర్షి మండలం ఎత్తుగా వుంటుంది. తోక మధ్యనున్న నక్షత్రం వశిష్ఠుడు. దాన్ని అంటిపెట్టుకుని, దానికంటె మసకగా వుండేది అరుంధతి. పెళ్ళిళ్ళలో పగటిపూట కూడా చూపిస్తారే, అదే! దీపానికి ముందు ఒకరాత్రి, తరువాత ఒకరాత్రి, వెన్నెల లేనప్పుడు, మంచం మీదినుంచి అరగంట ఆగి చూడండి. అరుంధతి కనిపించిందా లేదా, సప్తర్షుల చుట్టుపక్కల ఎన్ని చుక్కలు లెక్కకు వచ్చాయి అన్నది తేదీతో సహా నోటు పుస్తకంలో రాసుకోండి.